మెషీన్‌కి విశ్రాంతినిచ్చిన భాయ్

భాయ్ పోయాడని మా పాత క్యాంపు వాట్సాప్ గ్రూపులో మొన్న ఎవరో పెట్టారు. చూస్తుండగానే దాని కింద దండం పెట్టే చేతులు, ఏడుపు ముఖాలు, కొవ్వొత్తులు బారులు తీరాయి. "గొప్ప మనిషి" అన్నారొకరు. "మా అందరికీ పెద్దదిక్కు" అన్నారింకొకరు. ఆయన ఉన్నన్నాళ్లూ ఆయన్ని తిట్టకుండా అన్నం తిన్నవాడు ఆ గ్రూపులో ఒక్కడూ లేడు. నేను మాత్రం ఏ బొమ్మా పెట్టలేదు. పెడితే, ఎక్కడున్నా సరే, "కొవ్వొత్తి ఎంటికప్పా, ఊరికే లైన్ వేస్టు" అంటాడేమోనని సంకోచించాను.

సౌదీలో హుఫూఫ్ ఊరు దాటి, ఖర్జూర తోటలు కూడా దాటితే ఒక పల్లంలో ఉండేది మా కంపెనీ క్యాంపు. రేకు గదులు, మధ్యలో పొడుగాటి మెస్సు, ఒక పక్కన చిన్న ఆఫీసు. సెల్ సిగ్నల్ ఆ పల్లంలోకి దిగడానికి ఇష్టపడేది కాదు. ఒక్క గీత వచ్చేది. దాంతో మాట వినపడడమే గగనం, మనిషి ముఖం చూడాలన్న ఆశ పెట్టుకోకూడదు. అందుకని ఇంటివాళ్లను చూడాలంటే క్యాంపు వైఫై ఒక్కటే దిక్కు. ఆ వైఫైకి దిక్కు భాయ్.

ఆయనది రాయచోటి వైపు. కంపెనీ రికార్డుల్లో ఐటీ సూపర్‌వైజరు. ఆయన అజమాయిషీ కింద ఒక పాత కంప్యూటర్ తప్ప మరో ప్రాణి లేదు. నేను అక్కడ టైమ్ కీపర్ని, అంటే ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో రాసేవాణ్ణి. నా బల్ల ఆయన బల్ల పక్కనే ఉండేది కాబట్టి ఆయన ఉపన్యాసాలు వినడం కూడా నా డ్యూటీలో కలిసిపోయింది. జీతంలో మాత్రం కలవలేదు.

ఆ పాత కంప్యూటరే క్యాంపుకీ లోకానికీ మధ్య నిలబడ్డ గేటు. బయటినుంచి వచ్చే నెట్ అంతా అందులోంచి పోవాల్సిందే. ఎవరికెంత పోవాలో, ఏది ముందు పోవాలో అది చూస్తుంది. దాన్ని ట్రాఫిక్ షేపింగ్ అంటారని భాయ్ చెప్పగా విన్నాను. భాయ్ దానికి పెట్టుకున్న పేరు మాత్రం న్యాయం. ఆఫీసు మెయిళ్లు ముందు. వాటి వెనక ఇంటికి మాట్లాడుకునే కాల్స్. అందరికంటే వెనక, గోడవారగా, తలొంచుకుని సినిమాలూ డాన్సులూ. ఒక్కొక్క మనిషికీ సెకనుకి ఇంత అని కొలత.

"మా ఊర్లో నీళ్లు వదిలేటోడు ఉంటాడు చూడప్పా, వీధి వీధికీ వాల్వు తిప్పుతా పోతాడే, ఆ పని నాది," అనేవాడు. "వాడికన్నా లంచమిస్తే ఇంగో చుట్టు తిప్పుతాడు. నేను ఆ మాట కూడా వినను."

నిజమే, వినేవాడు కాదు. వినడం అనే అలవాటే ఆయనకి లేదు. ఎవరైనా వచ్చి "భాయ్, నెట్ రావడం లేదు" అంటే ఆయన చెయ్యి చాచేవాడు. వాడు ఫోన్ ఇచ్చేవాడు. భాయ్ దాన్ని అటూ ఇటూ తిప్పి, డొక్కలు ఎండిన ఎద్దుని సంతలో చూసినట్టు చూసి, "దీనికి వయసైపోయిందప్పా" అని తిరిగిచ్చేసేవాడు. ఒకతను ఆ మాటకి రోషం వచ్చి కొత్త ఫోన్ కొనుక్కొచ్చాడు. అయినా నెట్ రాలేదు. "కొత్తది కదా, ఇంగా మన లైన్‌కు అలవాటు పడల్ల," అన్నాడు భాయ్.

మనుషుల మీద లేని దయ ఆయనకి మెషీన్ల మీద ఉండేది. కంప్యూటర్ ఉన్న గదిలో ఏసీ ఎప్పుడూ ఆగేది కాదు. వర్కర్ల గదుల్లో ఏసీలు ఎప్పుడూ ఆగే ఉండేవి. భాయ్ మెడలో తువ్వాలు వేసుకుని తిరిగేవాడు. దానితో రోజూ కంప్యూటర్ పెట్టెను తుడిచి, పైన అరచెయ్యి ఆనించి చూసేవాడు. జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురు చూసే పద్ధతి అది. మా వాళ్లు కొందరు ఎండ దెబ్బకి తట్టుకోలేక, నెట్ కంప్లయింట్ అని అబద్ధం చెప్పి ఆ గదిలోకొచ్చి చల్లగా నిలబడేవాళ్లు. భాయ్‌కి ఆ సంగతి తెలుసు. కంప్లయింట్ విన్నంతసేపూ మెల్లిగా, సాగదీసి వినేవాడు. ఆ కాస్త పుణ్యం ఆయన ఖాతాలో వేయకపోతే నాది అన్యాయమవుతుంది.

ఇలా ఉండగా కంపెనీకి హఠాత్తుగా కరెంటు పొదుపు చేయాలన్న జ్ఞానం కలిగింది. మిట్టమధ్యాహ్నం సైట్లో దీపాలు వెలుగుతూనే ఉండేవి, ఆ దీపాల స్తంభాల మీదే "విద్యుత్తును ఆదా చేయండి" అని అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ కాగితాలు అంటించారు. ప్రతి శాఖా ఏం పొదుపు చేసిందో ముదీర్‌కి, అంటే మా మేనేజరుకి, రిపోర్టు పంపాలన్నారు. మిగతా శాఖల వాళ్లు ఏదో రాసి పంపేశారు. భాయ్ మాత్రం దాన్ని నిజంగా తీసుకున్నాడు. కంప్యూటర్ లోపలి సెట్టింగుల్లోకి వెళ్లి, పని లేనప్పుడు ప్రాసెసర్ వేగం తగ్గించుకునే ఏర్పాటు ఆన్ చేశాడు.

"మెషీన్‌కు గూడా రెస్ట్ కావాల కదప్పా," అన్నాడు నాతో తృప్తిగా. "పని ఉంటే పరిగెత్తుతాది, లేకుంటే పడుకుంటాది. చూడు, ఎట్ల సల్లగా ఉండాదో."

నేను చెయ్యి పెట్టి చూశాను. చల్లగానే ఉంది. బయట మా కడ్డీలు కట్టేవాళ్లు చేతులకి గుడ్డలు చుట్టుకుని ఇనుము పట్టుకుంటున్నారు. వాళ్లకి పని లేనప్పుడు పడుకునే సెట్టింగు ఉందా అని అడుగుదామనుకుని, అడిగితే మొదటికే మోసం వస్తుందని ఊరుకున్నాను. భాయ్‌కి ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని కంప్యూటర్ గదిలోనే గోడకి తగిలించాడు, అది దాని కష్టార్జితం అన్నట్టు.

అప్పటినుంచి క్యాంపులో నెట్‌కి దెయ్యం పట్టింది. సాయంత్రం అందరూ ఒక్కసారి మీద పడినప్పుడు ఓ మోస్తరుగా వచ్చేది. ఎవడో ఒంట్లో బాగాలేక గదిలో ఉండిపోయి, క్యాంపంతా ఖాళీగా ఉన్నప్పుడు ఇంటికి ఫోన్ చేసుకుంటే అటు భార్య ముఖం సగం వచ్చి ఆగిపోయేది. అలాంటివాళ్లు వచ్చి మొత్తుకునేవాళ్లు. భాయ్ నమ్మేవాడు కాదు.

"నలుగురు తినే పళ్లెం కాడ ఒకడే కూచున్నాడు. వానికి కడుపు నిండలేదంటే తప్పు పళ్లేనిదా?" అని, "ఏదీ, ఫోన్ ఇట్లియ్యి," అని చెయ్యి చాచేవాడు.

దీనితోపాటు ఆ కంప్యూటర్‌లో టైము కూడా వెనకబడడం మొదలుపెట్టింది. భాయ్ పొద్దున్నే వచ్చి తన చేతి గడియారం చూసి దాని టైము సరిచేసేవాడు. మర్నాటికి మళ్లీ వెనక్కి. లోపలుండే బిళ్లంత బ్యాటరీ పాడైందని కొత్తది వేశాడు. మళ్లీ వెనక్కి. "ఈడ దొరికే బ్యాటరీలన్నీ డూప్లికేటప్పా," అని దేశం మొత్తాన్ని తిట్టి, మళ్లీ సరిచేసుకునేవాడు. నెట్ సంగతికీ ఈ టైము సంగతికీ చుట్టరికం ఉంటుందని ఆయనకీ తట్టలేదు, నాకు తట్టే ప్రశ్నే లేదు.

రాజేశం వాళ్లమ్మ పోయింది ఆ వేసవిలోనే.

రాజేశం జగిత్యాల వైపు మనిషి. కడ్డీలు కట్టే పని. ఒక్కడే కొడుకు, ఒక చెల్లెలు. కబురు పొద్దున్నే వచ్చింది. వెళ్లడానికి ఎగ్జిట్ రీఎంట్రీ కావాలి, అంటే బయటికెళ్లి తిరిగి రావడానికి అనుమతి. ముదీర్ తన ఫోన్‌లో ఒక్క మీట నొక్కితే వచ్చేస్తుంది. ముదీర్ ఆ రోజుల్లో సెలవు మీద ఏదో చల్లటి దేశంలో ఉన్నాడు. ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. ఆయనున్న చోట నెట్ బాగానే ఉండి ఉంటుంది.

ఇక రాజేశానికి మిగిలింది ఫోన్‌లో చూసుకోవడమే. గల్ఫ్‌లో మావాళ్లకి ఇది కొత్తేమీ కాదు. ఇక్కడ గోడకి ఆనుకుని కూర్చుని, అక్కడ కాలుతున్న చితిని అరచేతిలో చూసుకున్నవాళ్లు ప్రతి క్యాంపులోనూ ఉంటారు. వేసవి కాబట్టి మధ్యాహ్నం ఎండలో పని చేయించకూడదన్న నియమం ఉంది; అందరూ క్యాంపుకి వచ్చేశారు. అక్కడ ఊళ్లో పాడె ఎత్తే వేళా అదే.

రాజేశం ఆఫీసుకొచ్చి భాయ్ ముందు నిలబడ్డాడు. ఏడవడం లేదు. "సారూ, మా అవ్వ మొఖం ఒక్కసారి సూడాలె. జర లైన్ ఆగకుంట సూడుండ్రి. గంతే," అన్నాడు.

భాయ్ జీవితంలో మొదటిసారి చెయ్యి చాచకుండా, ఫోన్ అడగకుండా లేచాడు. "నువ్వు పోయి గదిలో కూచో నాయనా. ఈ పొద్దు లైనంతా నీదే," అన్నాడు. రాజేశం వంతు కొలతని రెట్టింపు చేశాడు. తర్వాత మెస్సులోకి వెళ్లి ప్రకటించాడు: "ఎవురూ నెట్ ముట్టద్దండప్పా. అందురూ ఆపేయండి." పాకిస్తానీ డ్రైవర్లకి అదే ఉర్దూలో చెప్పాడు. ఎవరి తల్లి వాళ్లకి గుర్తొచ్చినట్టుంది. ఫోన్లు ఆఫ్ చేసి బల్లల మీద పెట్టేశారు. బంగ్లాదేశ్ వంటవాడు తన మీద తనకే నమ్మకం లేక ఫోన్‌ని పిండి డబ్బాలో పెట్టి మూత వేశాడు. ఆఫీసు కంప్యూటర్లు కూడా నేనే ఆపాను. ఆ నెట్‌కి అంత గౌరవం అంతకు ముందెన్నడూ దక్కి ఉండదు.

రాజేశం గది మెస్సుకి ఎదురుగానే. నేను అతని పక్కనే కూర్చున్నాను. చెల్లెలు ఫోన్ పట్టుకుంది. మొదట వాకిలి కనపడింది, జనం కాళ్లు కనపడ్డాయి, పాడె కనపడింది. పూలదండ అంచు వచ్చింది. అక్కడితో ఆగిపోయింది. గుండ్రంగా తిరిగే సున్నా మొదలైంది.

"అవ్వ మొఖం కాడ పట్టు చెల్లే," అన్నాడు రాజేశం.

"గాన్నే పట్టిన్నే... కనవడ్తలేదా?" ఆమె గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చింది. వెనక ఎవరో పెద్దాయన అంటున్నాడు, మొగులైంది, వానొచ్చేటట్టుంది, ఇగ లేపాలె అని. "మా అన్న సూసెదాంక లేపద్దు!" అని ఆమె అరిచింది. ఆ అరుపు మాత్రం ముక్క కాకుండా వచ్చింది.

నేను పరిగెత్తాను. భాయ్ కంప్యూటర్ ముందు గుడ్లప్పగించి నిలబడి ఉన్నాడు. తెర మీద లైనంతా ఖాళీ. ఒక్క రాజేశం కాల్ తప్ప ఇంకేమీ లేదు.

"ఇంత ఖాళీగా ఉండాది, ఎంటికి పోలేదప్పా?" అన్నాడు నా వైపు తిరగకుండానే.

"ఫోన్‌కి వయసైపోయిందేమో భాయ్," అన్నాను. నోరు ఊరుకోలేదు.

ఆయన వినలేదు. అలవాటుగా అరచెయ్యి పెట్టె మీద ఆనించాడు. వెంటనే తీసేశాడు. ఎప్పటికంటే చల్లగా ఉన్నట్టుంది. తెర మూలలో నడుస్తున్న గడియారం చూశాడు. తన చేతి గడియారం చూశాడు. మళ్లీ తెర చూశాడు. నేనూ చూశాను. ఆయన చేతి మీద సెకన్ల ముల్లు టకటకా నడుస్తోంది. తెర మీద సెకన్లు మాత్రం పెళ్లి భోజనం చేసినవాడిలా ఆయాసపడుతూ కదులుతున్నాయి.

"ఇది నిద్దరపోతాండాదప్పా," అన్నాడు భాయ్. "నేనే నిద్రపుచ్చినా."

మెస్సు వైపు నడుస్తూనే, ఊపిరి అందకుండా ఆయన చెప్పింది నాకర్థమైనంత వరకు ఇదీ. సెకనుకి ఇంత అని నెట్ వదలాలంటే ముందు సెకను ఎంతో తెలియాలి కదా. ఆ పాత మెషీన్ గోడ గడియారం చూడదు, తన ప్రాసెసర్ కొట్టుకోవడాన్నే లెక్కపెట్టుకుంటుంది. ఆన్ చేసిన మొదట్లో పూర్తి వేగంతో ఉంటుంది కాబట్టి, ఇన్ని దెబ్బలైతే ఒక సెకను అని అప్పుడే తేల్చేసుకుంటుంది. ఆ తర్వాత పని లేక వేగం తగ్గినా లెక్క మారదు. అన్ని దెబ్బలూ పూర్తయ్యేసరికి మన సెకన్లు రెండో మూడో గడిచిపోతాయి. అది మాత్రం ఒక్కటే అనుకుని ఒక్క సెకను వంతే వదులుతుంది. అంకెలు లెక్కపెట్టి గంజి వార్చే మనిషి మధ్యలో కునికితే ఎలాగో ఇదీ అలాగే. క్యాంపంతా గౌరవంగా ఫోన్లు కట్టేసింది. మెషీన్‌కి పని పోయింది. హాయిగా పడుకుంది.

"మరి ఆ రెస్ట్ తీసెయ్యండి భాయ్."

"తీయాలంటే బంద్ చేసి మళ్లీ లేపల్ల. ఈ ముసల్ది ఒగోసారి లేస్తాది, ఒగోసారి లేయదు. కాల్ తెగిపోతాదప్పా. ఆడ ఎవురు నిలబడతారు అంతసేపు?" అప్పటికే మెస్సు తలుపు దగ్గరికి వచ్చేశాం. "పని చెప్పల్ల దానికి. శానా పని చెప్పల్ల."

తలుపు తోసి, జీవితంలో ఎన్నడూ ఆయన నోట రాని మాట అరిచాడు.

"ఫోన్లు తీయండప్పా! అందురూ సినిమాలు పెట్టండి! డాన్సులు పెట్టండి! జల్దీ!"

మెస్సు మొత్తం ఆయన వంక చూసింది. ఎండ దెబ్బ తగిలిందనుకున్నారో ఏమో, ఒకతను మంచినీళ్ల గ్లాసు అందించబోయాడు. రాజేశం పక్క ఊరివాడు మల్లయ్య, పెద్దవాడు, లేచి నిలబడ్డాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సారూ, గాడ పీనుగ వాకిట్ల ఉన్నది. గీడ డాన్సులేంది?"

భాయ్ వాదించలేదు. న్యాయం మాట ఎత్తలేదు. పళ్లెం మాట కూడా ఎత్తలేదు. మల్లయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు. "సప్పుడు తీసేయండి పెద్దాయనా. బొమ్మ మాత్రం ఆడనీయండి. మీరు చూడకుంటే ఆ బిడ్డకు వాళ్లమ్మ కనపడదు. నన్ను రేపు తిట్టుకోండి. ఇప్పుడు పెట్టండి, మీ కాళ్లు పట్టుకుంటా."

మల్లయ్య కాసేపు ఆయన ముఖం చూశాడు. తర్వాత కూర్చుని ఫోన్ ఆన్ చేశాడు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ చేశారు. వంటవాడు పిండి డబ్బాలో చెయ్యి పెట్టాడు. బారుగా బల్లల మీద ఫోన్లు వెలిగాయి. వాటిలో హీరోలు ఎగిరారు, హీరోయిన్లు వానలో తడిశారు, విలన్లు గాల్లోకి లేచి పడ్డారు. ఎక్కడా కిక్కురుమనే శబ్దం లేదు. చూస్తున్నవాళ్లెవరికీ నవ్వు లేదు.

నేను తిరిగి రాజేశం గది గుమ్మంలోకి వచ్చేసరికి సున్నా ఇంకా తిరుగుతూనే ఉంది. అది ఒక్క ఊపు ఊగి మాయమైంది. పూలదండ కదిలింది. చెల్లెలి చెయ్యి వచ్చి దండని కాస్త పక్కకి జరిపింది. పసుపు రాసిన ముఖం, నుదుట రూపాయి బిళ్ళ, మూసిన కళ్లు, అన్నీ వచ్చాయి. కాల్స్ ముందు, డాన్సులు వెనక అని భాయ్ పెట్టిన వరస ఆ వేళ తప్పలేదు. క్యాంపంతా సినిమాలు చూస్తున్నా రాజేశం వాళ్లమ్మ అందరికంటే ముందు వచ్చింది. ఆయన న్యాయం మీద నేను వేసిన జోకులన్నీ నాకు అప్పుడు చేదుగా తగిలాయి.

"అవ్వా," అన్నాడు రాజేశం. "అవ్వా, నేనే." చెల్లెలు ఫోన్‌ని ముఖానికి దగ్గరగా పట్టుకుంది. అతను తెర మీద తల్లి చెంపని బొటనవేలితో మెల్లగా తుడిచాడు. అక్కడ వాన చినుకులు మొదలైనట్టున్నాయి.

మెస్సులో భాయ్ వరసల మధ్య తిరుగుతున్నాడు. ఎవరి పాటైనా అయిపోతే భుజం తట్టి, "ఇంగోటి పెట్టు నాయనా, ఆపద్దు," అంటున్నాడు. సినిమా పెట్టడం రాని ముసలాయన ఒకడుంటే, తనే పక్కన కూర్చుని ఏదో పాట వెతికి పెట్టి, ఫోన్ ఆయన చేతుల్లో ఉంచాడు. ఆ ముసలాయన తెర మీద గంతులేస్తున్న హీరోని చూస్తూ కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు. నేను గుమ్మంలోంచి చెయ్యెత్తి, కనపడుతోంది అని సైగ చేశాను. భాయ్ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఎంతసేపటికీ తుడవడం ఆపలేదు.

పాడె లేచింది. డప్పుల వెంట ఊరి చివరిదాకా ఫోన్ వెళ్లింది. మేనబావ నిప్పు పెట్టాడు. అంతా అయ్యాక రాజేశం ఫోన్ జేబులో పెట్టుకుని, లేచి, గది దాటి మెస్సు గుమ్మంలో నిలబడ్డాడు.

అందరూ తలలు వంచి ఫోన్లు పట్టుకుని ఉన్నారు. సగం మంది కళ్లు తడిగా ఉన్నాయి. అతన్ని చూడగానే, ఎవరూ చెప్పకుండానే, ఫోన్లన్నీ బల్లల మీద బోర్లా పడ్డాయి. రాజేశం ఆ చివరి నుంచి ఈ చివరి దాకా అందర్నీ చూశాడు. రెండు చేతులూ జోడించాడు.

"మీరందరు గూడ మా అవ్వను సూసిండ్రా," అన్నాడు.

మల్లయ్య తల దించుకున్నాడు. భాయ్ ఒక్కడే ముందుకొచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"చూసినాం నాయనా," అన్నాడు. "అందురం చూసినాం."